నాణేల ఫొటోలకు కొత్త కెమెరా కొనాలా? ముందు లైట్ల సంగతి చూడండి

మీ దగ్గరున్నది జేబులో పట్టే మామూలు డిజిటల్ కెమెరా. దగ్గరికి వెళ్తే ఫొటో మసకబారుతోంది, దూరంగా తీస్తే వెండి నాణెం బూడిద రంగు బిళ్లలా కనబడుతోంది, మాక్రో లెన్స్ (చిన్న వస్తువుల్ని అతి దగ్గరగా తీసే లెన్స్) ఉన్న కెమెరా కొనక తప్పదా అని అడిగారు. ఇప్పుడే కొనకండి. నేనూ చాలాకాలం అలాంటి కెమెరాతోనే తీశాను. మీరు చెప్పిన రెండింటిలో మొదటిది దూరం తెచ్చిన చిక్కు, రెండోది లైటు తెచ్చిన చిక్కు. కొత్త కెమెరా వచ్చినా రెండోది అలాగే ఉంటుంది.

మసక సంగతి ముందు తేల్చేద్దాం. పువ్వు గుర్తు ఉన్న మాక్రో మోడ్ పెట్టండి. చిన్న కెమెరాల్లో చాలావాటికి జూమ్ అసలు వాడనప్పుడే అతి దగ్గరి ఫోకస్ దొరుకుతుంది. అలాగని నాణేనికి ఆనించినంత దగ్గరికి వెళ్తే కెమెరా నీడే దాని మీద పడుతుంది, లైటు దూరే సందు ఉండదు. కొంచెం వెనక్కి జరిగి, కాస్త జూమ్ చేసి, ఫోకస్ పట్టే చోట ఆగండి. ఫ్రేమ్ నిండలేదని బెంగ వద్దు. 12 మెగాపిక్సెళ్ల ఫొటో అంటే దాదాపు 4000×3000 పిక్సెళ్లు. నాణెం ఫ్రేమ్ ఎత్తులో సగమే ఉన్నా, చుట్టూ కత్తిరించాక 1500 పిక్సెళ్లు మిగులుతాయి. తెరమీద చూడటానికి అది ధారాళం.

కెమెరాను చేత్తో పట్టుకోవద్దు. ట్రైపాడ్‌కో, స్టాండుకో బిగించి నిట్టనిలువుగా కిందికి చూసేలా పెట్టండి. 2 సెకన్ల టైమర్ వాడితే బటన్ నొక్కిన అదురు ఫొటోలోకి రాదు. కెమెరా ఏ కాస్త వాలినా నాణెం ఒక పక్క స్పష్టంగా, రెండో పక్క మసకగా వస్తుంది. ఇది సరిచూడటానికి నేను వాడే ఉపాయం ఒకటుంది. నాణెం పెట్టే చోట చిన్న అద్దం ముక్క పెట్టి కెమెరా తెరలో చూడండి. లెన్స్ ప్రతిబింబం సరిగ్గా తెర మధ్యలో కనబడితే కెమెరా తిన్నగా ఉన్నట్టే. పక్కకి జరిగి ఉంటే ట్రైపాడ్ తల సర్దుకోండి.

ఇక లైటు. కెమెరా ఫ్లాష్ ఆపేయండి, గదిలో దీపాలు కూడా ఆర్పేయండి, కిటికీ ఉంటే తెర వేయండి. రెండు టేబుల్ ల్యాంపులు చాలు, కానీ రెండింటిలోనూ ఒకే రకం బల్బు ఉండాలి. నాణేన్ని గడియారం ముఖం అనుకుంటే ఒక ల్యాంపు 10 దగ్గర, ఇంకోటి 2 దగ్గర పెట్టి మొదలుపెట్టండి. అంతకంటే ముఖ్యం వాటి ఎత్తు. బల్లకు ఆనుకుని పక్కనుంచి వెలుగు పడితే ప్రతి గీతా, ప్రతి గుంటా అరుస్తున్నట్టు కనబడుతుంది, కొత్త నాణెం కూడా అరిగిపోయినట్టు వస్తుంది. ల్యాంపుల్ని లెన్స్ పక్కకు, దాదాపు నాణెం నెత్తిమీదికి లేపుతూ రండి. ఒక ఎత్తుకు రాగానే బూడిద రంగు పోయి వెండి వెండిలా మెరుస్తుంది. వాడని నాణేన్ని దీపం కింద వాల్చి తిప్పితే వెలుగు గాలిపంకా రెక్కల్లా గుండ్రంగా తిరగడం చూసే ఉంటారు. ఫొటోలో పట్టాల్సింది ఆ మెరుపునే. ఒక్కోసారి నాణేన్ని ఉన్నచోటే కొద్దిగా తిప్పితే చాలు, అంతదాకా కనబడని అక్షరం తేలుతుంది.

ల్యాంపు ముందు ట్రేసింగ్ కాగితం పెట్టమని చాలామంది చెబుతారు. అరిగిన నాణేలకూ, నల్లబడ్డ రాగి నాణేలకూ అది బాగానే పనిచేస్తుంది. కొత్త నాణేనికి మాత్రం నేను పెట్టను, మెరుపంతా చచ్చిపోతుంది. ఇంకో సంగతి, వెలుగు నాణెం కింది వైపునుంచి పడనివ్వకండి. మన కళ్లకు పైనుంచి వచ్చే వెలుగే అలవాటు కాబట్టి, ఉబ్బెత్తు బొమ్మ లోపలికి చెక్కినట్టు భ్రమ కలుగుతుంది.

సేకరించేవాళ్ల కోసం ప్రత్యేకంగా ముద్రించే, అద్దంలా మెరిసే ప్రూఫ్ నాణేల దారి వేరు. వాటికి నాణేనికీ లెన్స్‌కీ మధ్య పలచని గాజుపలక 45 డిగ్రీల వాలులో పెట్టి, పక్కనుంచి లైటు వేస్తారు. గాజు కొంత వెలుగును నేరుగా కిందికి తిప్పుతుంది, కెమెరా గాజులోంచే చూస్తుంది. ఆ లైటు నేరుగా నాణెం మీద పడకుండా మధ్యలో అట్ట అడ్డం పెట్టాలి. మొదట్లోనే దీని జోలికి పోకండి.

రంగు పసుపుగా వస్తుంటే వైట్ బ్యాలెన్స్‌ను (తెలుపు తెలుపుగా వచ్చేలా రంగు సర్దే సెట్టింగును) ఆటోలో వదలొద్దు. అవే ల్యాంపుల కింద తెల్ల కాగితమో, గ్రే కార్డో (ఫొటోల కోసం అమ్మే బూడిద రంగు అట్ట) పెట్టి కస్టమ్ సెట్టింగు చేసుకోండి. నల్లగుడ్డ మీద నాణెం పెడితే కెమెరా మొత్తం చీకటిగా ఉందనుకుని వెలుగు పెంచేస్తుంది, వివరాలేవీ కనబడకుండా వెండి తెల్లగా పాలిపోతుంది. అప్పుడు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను (ఫొటో వెలుగును పెంచే, తగ్గించే +/- సెట్టింగు) మైనస్ వైపు జరపాలి. తెల్ల కాగితం మీద దీనికి తలకిందులు. బూడిద రంగు అట్ట వాడితే ఈ గొడవ చాలావరకు తప్పుతుంది. ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా ఎంత సున్నితంగా స్పందించాలో చెప్పే అంకె) 100 పెట్టండి, కెమెరా కదలదు కాబట్టి షట్టర్ ఎంత నెమ్మదిగా పడినా ఇబ్బంది లేదు.

ఎప్పుడో లెన్స్ మార్చే కెమెరాకు వెళ్తే, 100 ఎంఎం దరిదాపుల్లో ఉన్న మాక్రో లెన్స్ చూడండి. నాణేనికి దూరంగా ఉండి తీయొచ్చు, ల్యాంపులకు చోటు దొరుకుతుంది. అపర్చర్ (లెన్స్‌లో వెలుగు దూరే రంధ్రం, అంకె పెరిగేకొద్దీ చిన్నదవుతుంది) ఎఫ్/8 దగ్గర మొదలుపెట్టండి, మరీ ఎఫ్/22 దాకా మూస్తే డిఫ్రాక్షన్ (సన్నని రంధ్రంలో వెలుగు చెదరడం) వల్ల స్పష్టత తగ్గుతుంది. ఉన్న లెన్స్‌కే ఎక్స్‌టెన్షన్ ట్యూబులు (లెన్స్‌కీ కెమెరాకీ మధ్య బిగించే గొట్టాలు) తగిలించుకోవడమూ మంచి దారే, లోపల గాజేమీ ఉండదు కాబట్టి ఖర్చు తక్కువ.

ఫొటో బాగా రావాలని నాణేన్ని మాత్రం తోమకండి. చింతపండు, పాలిష్, రబ్బరు, ఏదీ వద్దు. పైపొర మెరుపు ఒకసారి పోతే తిరిగి రాదు, విలువా పడిపోతుంది. దుమ్ముంటే బ్లోయర్‌తో (నొక్కితే గాలి ఊదే రబ్బరు బుడ్డి) ఊదండి, అంచులు పట్టుకునే ఎత్తండి, కింద మెత్తటి గుడ్డ పరవండి. బొమ్మ తీశాక బొరుసు తీసేటప్పుడు ల్యాంపుల్నీ, సెట్టింగుల్నీ కదపొద్దు, లేకపోతే రెండూ పక్కపక్కన పెట్టినప్పుడు వేర్వేరు నాణేల్లా ఉంటాయి. ప్లాస్టిక్ డబ్బాలో సీలు వేసిన నాణేలైతే ప్లాస్టిక్ మీద ల్యాంపు మెరుపు పడుతుంది. డబ్బాను కాకుండా ల్యాంపునే కొద్దికొద్దిగా పక్కకు జరుపుతూ ఆ మెరుపు నాణెం మీదనుంచి తప్పుకునేదాకా చూడండి.