ముందు ఇంగ్లీషు, లెక్కలు వచ్చాకే టెక్నికల్ కాలేజీలో చేరాలా?

చిన్నప్పుడే చదువు ఆపేసిన పెద్దవాళ్ల గురించి అడిగారు. అక్కర్లేదు. సంసారం, ఉద్యోగం చూసుకుంటూ ముందు బేసిక్స్, తర్వాత కోర్సు అంటే చాలామంది మధ్యలోనే మానేస్తారు.

అందుకే అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం 2004లో 10 కాలేజీల్లో ఐ-బెస్ట్ అనే పద్ధతి మొదలుపెట్టింది. ఒకే క్లాసులో ఇద్దరు టీచర్లు ఉంటారు. నర్సింగ్ అసిస్టెంట్ కోర్సులో ఒకరు బీపీ చూడటం నేర్పుతుంటే, రెండోవారు ఆ రీడింగును చార్టులో ఇంగ్లీషులో ఎలా రాయాలో అక్కడికక్కడే చెబుతారు. వెల్డింగ్‌లోనైతే భిన్నాలు కొలతలతోనే వచ్చేస్తాయి. పైగా కాలేజీ క్రెడిట్లూ (కాలేజీ చదువులో లెక్కకొచ్చే పాయింట్లు) వస్తాయి, నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

ఇద్దరికి జీతాలంటే ఖర్చు ఎక్కువే. అందుకే అక్కడ ఒక్కో విద్యార్థిని 1.75 మందిగా లెక్కగట్టి కాలేజీకి నిధులిచ్చారు. ఆ రాష్ట్రంలోని సియాటిల్ వైపు ఉంటే దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో ఐ-బెస్ట్ గురించి అడగండి.