పుస్తకం తర్వాత, ముందు మీ కొలతలు తీయండి

కేటగిరీ థియరీ (వస్తువులనూ వాటి మధ్య సంబంధాలనూ చూసే గణితం), షీఫ్‌లతో (ముక్కల మీది సమాచారం ఒకదానికొకటి అతుకుతుందా అని చూసే పద్ధతి) సొంతంగా ఒక గణిత ఫ్రేమ్‌వర్క్ కట్టాలనుంది, ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి అని అడిగారు. పుస్తకం పక్కన పెట్టండి. ఒకదానికొకటి అతకని కొలతలు నాలుగు సంపాదించండి.

మాది నర్సంపేట దగ్గర పల్లె. మూడేళ్ల కింద ఎండాకాలంలో చెరువు శిఖం హద్దు మీద పంచాయితీ వచ్చింది. ఎత్తులు మేమే కొలుద్దామని ఆటో లెవెల్ కిరాయికి తెచ్చాం. చెరువు చుట్టూ మూడు జట్లు. ఒకరికి తూము గడప సున్నా, ఒకరికి మత్తడి రాయి, ఇంకొకరికి పోచమ్మ గుడి మెట్టు. రెండేసి జట్లు కొలిచిన నేల మీద ఆ ఇద్దరి లెక్కల మధ్య తేడా, ఆ వైపున ఎక్కడ చూసినా ఒకటే: ఒక వైపు 1.24 మీటర్లు, ఇంకో వైపు మైనస్ 0.58, మూడో వైపు మైనస్ 0.56. లెక్క కుదిరిందని అందరం సంబురపడ్డాం. కానీ చుట్టూ తిరిగి మొదటి సున్నాకే వస్తాం కాబట్టి ఆ మూడు తేడాలూ కూడితే సున్నా రావాలి. సర్వేయర్‌గా రిటైరైన మా మేనమామ ఆ మూడింటినీ కూడి, "పది సెంటీలు మిగిలినయ్‌రా, మళ్లీ కొలవాలె" అన్నాడు.

ఎవరి సున్నాను ఎంత జరిపినా ఆ పది పోదు. సర్వేయర్లు దాన్ని క్లోజింగ్ ఎర్రర్ అంటారు. షీఫ్ భాషలో అది మొదటి కోహోమాలజీలో ఉంటుంది, అంటే ముక్కముక్కకూ కుదిరినా చుట్టూ తిరిగొస్తే అతకని వాటి లెక్కలో. నడుమ నీళ్లుండటంతో మేం కొలిచిన నేల గాజులా గుండ్రంగా ఉంది, అందుకే దొరికింది. అదే నేరుగా పోయే కాలువ గట్టయితే సున్నాలు సర్దుకునేవి, తప్పు బయటపడేదే కాదు. తెల్లారి కొలిస్తే, మూడో జట్టు స్టాఫ్ (కొలత కర్ర) మీద 1.43ని 1.33గా చదివిందని తేలింది.

పీజీలో టోపాలజీ (సాగదీసినా వంచినా మారని ఆకార లక్షణాల గణితం) నేను ఫస్ట్ క్లాసులో పాసయ్యాను. నిరూపణలు బట్టీ పట్టి రాశాను, ఒక్క చిత్రం గీసి చూపించినవాళ్లు లేరు. పిల్లల్ని ఇలా తయారుచేస్తే గణితం మీద ప్రేమ ఎట్లా పుడుతుంది?

షీఫ్‌లకు పునాది వేసిన జాన్ లెరే ప్రవాహాల గణితంలో దిట్ట. 1940 నుంచి 1945 దాకా ఆస్ట్రియాలో యుద్ధఖైదీగా ఉన్నాడు. తన విద్యను యుద్ధానికి వాడుకుంటారని దాన్ని దాచి, టోపాలజీ చేశాడు. షీఫ్‌కు ఆయన పెట్టిన ఫ్రెంచ్ పేరుకు అర్థం మోపు. నీళ్ల లెక్క తెలిసినవాడు కాబట్టే ఇది తట్టిందని నా గట్టి నమ్మకం. కేటగిరీలూ ఊరికే పుట్టలేదు. 1945లో ఐలెన్‌బర్గ్, మక్‌లేన్ అనే గణితవేత్తలు టోపాలజీ పనిలో అవసరం పడి వాటిని నిర్వచించారు.

మీ డేటా ఏమిటి, ఏ ముక్క ఏ ముక్క మీద పడుతోంది, పెద్ద ముక్క నుంచి చిన్న ముక్కకు ఎట్లా కుదిస్తారు, ఈ మూడూ ఇక్కడే రాయండి. ఆ కుదింపులు వరుసగా చేసినా ఒకేసారి చేసినా ఫలితం ఒకటే అయితే మీ చేతిలో అప్పటికే ఒక ఫంక్టర్ (ముక్కల మధ్య సంబంధాలను చెదరకుండా డేటాలోకి తెచ్చే నియమం) ఉన్నట్టు. అక్కడి నుంచి కలిసి చూద్దాం.