నాలుగు కాగితాలు, రెండు పిన్నులు

అమ్మాయీ,

నువ్వు గీసి పంపిన కామిక్ పదహారు పేజీలూ అందాయి. రెండుసార్లు చదివాను. ఉత్తరంలో నాలుగు చోట్ల "నాకు బొమ్మలు సరిగా రావు, క్షమించండి మాస్టారూ" అని రాశావు. ముందు ఆ క్షమాపణలు మానెయ్.

అమెరికాలో జాన్ పోర్సెలినో అని ఒకాయన ఉన్నాడు. 1968లో షికాగోలో పుట్టాడు. చదువుకున్నది పెయింటింగే, కాబట్టి బొమ్మలు రాక ఇలా గీశాడని అనడానికి లేదు. 1989లో 'కింగ్-క్యాట్' అని తన బతుకు మీద తనే ఒక చిన్న కామిక్ పుస్తకం మొదలెట్టాడు. గీయడం ఆయనే, జిరాక్స్ తీయడం ఆయనే, మడిచి పిన్నులు కొట్టడం, కవర్లో పెట్టి పోస్టులో వేయడం కూడా ఆయనే. మన లిఖిత పత్రికలకి జిరాక్స్ మిషను తోడైతే ఎలా ఉంటుందో అలాగన్నమాట. ముప్ఫై ఏళ్లు దాటేసరికి ఎనభై దాకా సంచికలు తెచ్చాడు. ఏముంటాయి వాటిలో? పిల్లి, నడక, చిన్నప్పటి వీధి, వాన వెలిశాక ఆకాశం. కొన్ని పేజీల్లో ఏమీ జరగదు. నాకు అవే ఇష్టం.

మొదట్లో ఆయన గీత గజిబిజిగా ఉండేది, పంక్ పాటలు వినే కుర్రాళ్ల నోటుపుస్తకంలా. పోనుపోను ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చాడు. నీడలు పోయాయి, అడ్డగీతలు పోయాయి, చివరికి ఒకే మందం గీత మిగిలింది. ఇల్లంటే నాలుగు గీతలు. చెట్టంటే గీతతో వేసిన ఒక చుట్ట. చూసినవాళ్లు "ఇది నేనూ గీస్తాను" అంటారు. గీసి చూడు. నేను ముప్ఫై ఏళ్లు వారపత్రికలకి గీసినవాణ్ణి, ఒక మధ్యాహ్నమంతా కూర్చుని ఆ చుట్ట వేయబోయాను. నా చెయ్యి ఊరుకోలేదు, ఆకులు పెట్టింది.

ఇక నీ పేజీలు. నీ ఇబ్బంది మాటలతో, బొమ్మలతో కాదు. పదకొండో పేజీలో మీ అమ్మ ఆసుపత్రి వరండాలో గ్లాసు కడుగుతోంది. మూడు గళ్లలోనూ అదే గ్లాసు. అది ఎప్పుడో శుభ్రమైపోయిందని చూసేవాళ్లకి తెలుస్తూనే ఉంది. పైన నువ్వేమో "అమ్మ మౌనంగా కుమిలిపోతోంది" అని రాశావు. ఎందుకూ? ఆ వాక్యం రాగానే మీ అమ్మ వెళ్లిపోయి, అక్కడ సినిమా అమ్మ నిలబడింది.

ఉద్యోగం మానేసి పూర్తిగా ఇదే చేయనా అని అడిగావు. పోర్సెలినో చేసిన ఉద్యోగం ఏమిటో తెలుసా? దోమల మందు కొట్టడం. ఇల్లినాయ్‌లో, కొలరాడోలో కాలవలూ గుంటలూ తిరిగి, నీళ్లలో పిల్లపురుగులు వెతికి మందు వేయడం. ఆ పని మీద ఏళ్ల తరబడి గీసినవన్నీ కలిపి 2005లో 'డైరీ ఆఫ్ ఎ మస్కిటో అబేట్‌మెంట్ మ్యాన్' అని పుస్తకం వేశారు. ముందు పేజీల్లో కుర్రతనం, వేళాకోళం. వెనక పేజీలకి వచ్చేసరికి, ఇన్ని ప్రాణాలు తీస్తున్నానే అన్న గుబులు. ఈలోగా ఆయన బౌద్ధం వైపు మళ్లాడు. మనిషి మారడం గీతలోనే కనిపిస్తుంది, ఎక్కడా "నేను మారాను" అని చెప్పుకోడు. మానెయ్యకు ఉద్యోగం. డబ్బంటావా, ఇందులో రాదు. ఆయన 1992లో 'స్పిట్ అండ్ ఎ హాఫ్' అని ఒక చిన్న పంపిణీ సంస్థ పెట్టి తనలాంటి వాళ్ల పుస్తకాలు కూడా పోస్టులో అమ్మాడు. అదీ ఆ దారి.

ఇంకో సంగతి. 1997లో ఆయనకి కడుపులో కణితి వచ్చి ఆపరేషన్ అయింది. ఆ తర్వాత మనసు కూడా చాలా కాలం కుదుటపడలేదు. ఆ కథంతా పుస్తకంగా 'ది హాస్పిటల్ సూట్' పేరుతో వచ్చింది 2014లో. పదిహేడేళ్లు! నువ్వు మొన్న వేసవిలో జరిగింది గీస్తున్నావు. వద్దనను, వేడి మీద గీసినదాని రుచి వేరు. కానీ మీ నాన్నగారు నర్సు మీద అరిచిన ఆ పేజీ మాత్రం కొన్నాళ్లు పక్కన పెట్టు. అందులో ఇంకా నీ కోపమే ఉంది, ఆయన లేరు.

మీ అమ్మకి ఈ పేజీలు చూపించావా? ఉత్తరంలో ఆ మాట లేదు. నేనొకసారి మా బావమరిది అప్పుల మీద ఒక పేజీ గీశాను. పేరు మార్చాను, మీసం తీసేశాను. నడక మార్చడం మర్చిపోయాను. ఆ తర్వాత రెండు పెళ్లిళ్లలో ఆయన నా పంక్తిలో కూర్చోలేదు. బొమ్మ బాగుందనే ఇప్పటికీ అనుకుంటాను. అయినా ముందు అడగాల్సింది.

ఇక పుస్తకంగా కుట్టే సంగతి. పదహారు పేజీలంటే మధ్యకి మడిచిన నాలుగు ఏ4 కాగితాలు, రెండు వైపులా. మొదటి కాగితం మీద ఒకటో పేజీ పక్కన పదహారోది రావాలి, దాని వెనక రెండు, పదిహేను. మా వీధి జిరాక్స్ షాపు కుర్రాడు ఎన్నిసార్లు చెప్పినా తారుమారు చేస్తాడు, నీ దగ్గర కూడా పక్కనే నిలబడి చూసుకో. ముందు ముప్ఫై కాపీలు చాలు. నర్సు పేజీ తీసేస్తే ఒకటి ఖాళీ అవుతుంది, అక్కడ ఏమీ గీయకపోయినా ఫరవాలేదు. అట్ట మీద ధర కూడా రాసిపెట్టు. నాకు ఊరికే పంపకు, కొనుక్కుంటాను.