స్పీడు ఎక్కడ పోతోంది? – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది తెనాలి. 40 ఎంబీపీఎస్ ఇంటర్నెట్ ప్లాన్ సరిపోవడం లేదని 100కి మారాం. అయినా వెనక గదిలో మావారి ఆఫీసు వీడియో కాల్ ఆగి ఆగి వస్తోంది. మా అబ్బాయి డౌన్‌లోడ్ పెడితే 11 దాటి చూపించడం లేదు. రూటర్ ముందు గదిలో టీవీ వెనక, బీరువా పక్కన ఉంది. కంపెనీవాళ్లు 200 ప్లాన్ తీసుకోమంటున్నారు. తీసుకోమంటారా? – ఒక గృహిణి

జవాబు: వద్దమ్మా. ఆ డబ్బు దగ్గర పెట్టుకోండి. 11 అంకెలో మోసమేమీ లేదు. ప్లాన్‌లో చెప్పే 100 మెగాబిట్ల లెక్క. డౌన్‌లోడ్ చేసేటప్పుడు కనిపించేది మెగాబైట్ల లెక్క. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి మీకు రావలసింది పన్నెండున్నర. అందులో కొంత తరుగు ఎప్పుడూ ఉంటుంది. 11 వస్తోందంటే మీ గుమ్మం దాకా నెట్ చక్కగానే వస్తోంది. ఒక జీబీ సినిమా నిమిషంన్నరలో దిగిపోతుంది, ఇంకేం కావాలి?

అసలు గొడవ గుమ్మం లోపల ఉంది. బీరువా నిలువెత్తు ఇనుము. దాని పక్కన రూటర్ పెడితే అటువైపు సిగ్నల్ సగం చచ్చినట్టే. టెలిఫోన్ ఎక్స్ఛేంజీ ఉద్యోగంలో ఉన్నప్పుడు ఫిర్యాదుల మీద చాలా ఇళ్లకు వెళ్లేవాణ్ని. రూటర్ మీద లేసు గుడ్డ కప్పి, దాని మీద వినాయకుడి బొమ్మ పెట్టినవాళ్లూ ఉన్నారు. చెయ్యి పెట్టి చూస్తే పెట్టె కాలిపోతూ ఉండేది. రూటర్‌ని దాచకూడదు. గది మధ్యకు, మనిషెత్తుకు, గాలి ఆడే చోటికి మార్చండి.

ఇప్పుడొక పరీక్ష చేయండి. రూటర్ పక్కనే నిలబడి ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ పెట్టండి. తర్వాత వెనక గదిలోకి వెళ్లి మళ్లీ పెట్టండి. పక్కన 90 వచ్చి వెనక 6 వస్తే ప్లాన్ ఎంత పెంచినా ఆ గదికి ఒరిగేదేమీ లేదు. వీడియో కాల్‌కి నాలుగైదు ఎంబీపీఎస్ చాలు, కాకపోతే అది తెగకుండా రావాలి. మీ రూటర్‌లో రెండు వైఫై పేర్లు కనిపిస్తుంటే 5 గిగాహెర్ట్జ్‌ది వేగంగా ఉంటుంది కానీ గోడలు దాటలేదు. 2.4ది దూరం పోతుంది కానీ పక్కింటివాళ్ల వైఫైలన్నీ అందులోనే కొట్టుకుంటుంటాయి. (వైఫై పేరు చివర 5జీ అని ఉంటే అది ఫోన్ 5జీ అనుకోకండి, రెంటికీ సంబంధం లేదు.) ముందు గది నుంచి వెనక గదికి ఒక ల్యాన్ కేబుల్ లాగించి, అక్కడ ఇంకో చిన్న రూటర్ పెట్టించుకోండి. సిగ్నల్ అందుకుని మళ్లీ పంపే, ప్లగ్గులో గుచ్చే రిపీటర్ చవకే కానీ చాలావాటిలో స్పీడు సగం అక్కడే పోతుంది. ఇంకొక్క మాట. పాత రూటర్లలో కేబుల్ గుచ్చే పోర్టు 100 దగ్గరే ఆగిపోతుంది. మీదీ అలాంటిదైతే 200 ప్లాన్‌కి బిల్లు పెరుగుతుంది, అంతే.

ప్రశ్న: సిద్దిపేట దగ్గర పల్లె మాది. ఇంటి నుంచే ఉద్యోగం, రాత్రి షిఫ్టు. మా ఊరి కేబుల్ అన్న నెలకు 400 అంటున్నాడు, ఆరు నెలలది ముందే కట్టాలట. ఒక కంపెనీ ఫైబర్ 599. ఇంకొకరు మేడ మీద డబ్బా బిగించే ఎయిర్ ఫైబర్ ఇస్తామంటున్నారు. ఏది మంచిది? – ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

జవాబు: ముందు ధరలన్నీ ఒకే లెక్కలోకి తెచ్చుకో తమ్ముడూ. 599 మీద 18 శాతం జీఎస్టీ పడితే చేతి నుంచి పోయేది 707. అన్న చెప్పిన 400లో ట్యాక్స్ కలిసి ఉందో లేదో అడుగు. రూటర్ మనదా, వాళ్లదా? ఇన్‌స్టలేషన్ ఎంత? మధ్యలో మానేస్తే మిగిలిన నెలల డబ్బు వెనక్కి ఇస్తాడా? అది కాగితం మీద రాయించుకో.

నీ ఉద్యోగానికి డౌన్‌లోడ్ కంటే అప్‌లోడ్, అంటే మన నుంచి బయటికి వెళ్లే స్పీడు, ముఖ్యం. డౌన్‌లోడ్ 50, అప్‌లోడ్ 5 ఇచ్చే కనెక్షన్‌తో మీటింగులో నీ మొహం గడ్డకట్టుకుపోతుంది. రెండూ సమానంగా ఇస్తాడా అని అడుగు. ఎయిర్ ఫైబర్‌కి తీగ తెగే బాధ లేదు, కానీ అది టవర్ నుంచి 5జీ మీద వస్తుంది. ఊళ్లో ఫోన్లన్నీ వాడేదీ ఆ టవర్‌నే కాబట్టి సాయంత్రం ఏడు నుంచి పది దాకా ఎలా ఉంటుందో బిగించుకున్నవాళ్లింట్లో కూర్చుని చూడు. డేటా కూడా చాలా ప్లాన్లలో నెలకు 1,000 జీబీ దాకానే. పెద్ద కంపెనీల ఫైబర్‌లో మామూలుగా 3,300 జీబీ ఉంటుంది. మీవైపు మిషన్ భగీరథ నీళ్ల పైపుల కందకాల్లోనే టీ-ఫైబర్ (తెలంగాణ ప్రభుత్వ ఫైబర్ నెట్) గొట్టాలూ వేశారు. మీ పంచాయతీలో అది ఇళ్లకు ఇస్తున్నారేమో కూడా కనుక్కో.

నన్నడిగితే, కేబుల్ అన్న రాత్రి పదింటికి ఫోన్ ఎత్తే మనిషైతే అతని దగ్గరే తీసుకుంటాను. ఆరు నెలలకు మాత్రం కట్టను. ఒక నెల చూసి అప్పుడు మాట్లాడతాను.

ప్రశ్న: మాది రాజోలు. ఈదురుగాలి వచ్చిన ప్రతిసారీ ఇంటర్నెట్ డబ్బా మీద ఎర్ర లైటు వెలుగుతోంది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే రీస్టార్ట్ చేయమంటారు. రెండు రోజులైనా ఎవరూ రారు. – ఒక కొబ్బరి రైతు

జవాబు: ఎల్ఓఎస్ అని రాసి ఉన్నచోట ఎర్ర లైటు వెలిగితే, తీగలోంచి రావాల్సిన వెలుతురు మీ డబ్బా దాకా రావడం లేదని అర్థమండీ. దానికి రీస్టార్ట్ ఏం చేస్తుంది? ఆంధ్రలో ఫైబర్ చాలాచోట్ల కరెంటు స్తంభాల మీదుగానే పోతుంది. రాష్ట్ర ప్రభుత్వ ఫైబర్‌నెట్ మొదట్లో నెట్, టీవీ, ఫోను కలిపి 149 రూపాయలకే ఇచ్చినప్పుడు కూడా తీగలు స్తంభాల మీదే లాగారు, నేల తవ్వలేదు. చవకగా అయిపోతుంది, గాలికి మాత్రం ఊగుతుంది. మీ తోటలో కొబ్బరి మట్ట పడితే చాలు.

ముందు ఇంట్లో తీగ చూడండి. తలుపు సందులో నలిగిందా, మేకు చుట్టూ మడత పడిందా, ఎలుక కొరికిందా? లోపలిది గాజు పోగు, గట్టిగా మడిస్తే పనికిరాదు. తెగిన కొస మాత్రం కంటి దగ్గర పెట్టి చూడకండి. లైన్‌మన్ వస్తే తీగలో వెలుతురు కొలిచే పవర్ మీటర్ పెట్టించి రీడింగ్ అడగండి. మైనస్ 20 అటూ ఇటూ ఉంటే బాగున్నట్టు. మైనస్ 27 దగ్గర ఉంటే చిన్న గాలికే మళ్లీ పోతుంది. అప్పుడు టేపు చుట్టి వెళ్లనివ్వకండి, జాయింట్ కొత్తగా వేయించండి.

ఫోన్ చేసినప్పుడల్లా డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నంబరు, రాసి ఉంచుకోండి. దానికి జవాబు రాకపోతే అదే కంపెనీ అప్పీలు అధికారికి ఆ నంబరుతో రాయండి. దానికి రుసుము లేదు. అక్కడా తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు.