ఆర్థాస్‌కి లాయర్ అక్కర్లేదు తమ్ముడూ

తమ్ముడూ,

చూడమని నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివా. ముందు ఒక మాట, మేడమ్ గారూ అని రాయకు, అక్కా అను చాలు. ఇక విషయానికొస్తే, వార్‌క్రాఫ్ట్ 3 గేమ్‌లోని హీరో ఆర్థాస్ మీద నువ్వు రాసినదాంట్లో ముప్పావు వంతు కథే ఉంది. లార్డెరాన్ రాజ్యం యువరాజు, పలాడిన్ అనే ధర్మయోధుడు అయ్యాడు, ప్లేగు వచ్చింది, ఊరిని ఊచకోత కోశాడు, కత్తి పట్టాడు, తండ్రిని చంపాడు, శవసైన్యాల రాజు లిచ్ కింగ్ అయ్యాడు, అంతా వరసగా అప్పజెప్పావు. వార్‌క్రాఫ్ట్ 3 ఆడినవాళ్లకి ఇదంతా కంఠతా వచ్చు, ఆడనివాళ్ల మీద ఇన్ని పేర్లు ఒకేసారి పడేస్తే రెండో పేరాకే పక్కన పెట్టేస్తారు, మరి ఇది ఎవరికోసం రాసినట్టు? మిగతా పావు వంతులో మాత్రం నువ్వున్నావు. ఆ ఊచకోత జరిగే స్ట్రాత్‌హోమ్ మిషన్‌లో మొదటి ఇంటి మీద క్లిక్ చేసే ముందు కాసేపు మౌస్ వదిలేసి కూర్చున్నా అని రాశావు చూడు, వ్యాసం అక్కడ మొదలవ్వాలి. దాని పైనున్నదంతా కొట్టెయ్, ఏం ఫర్వాలేదు.

కానీ అక్కడ కూడా తొందరపడ్డావు. ఆ మిషన్ ఇంకోసారి ఆడు, ఈసారి గెలవడానికి కాదు, చూడటానికి. ప్లేగు అంటించిన ధాన్యం అప్పటికే ఊళ్లోకి చేరిపోయింది, జనం తినేశారు, కాసేపట్లో అందరూ జాంబీలైపోతారు. అందుకే ఊరంతటినీ ముందే చంపేద్దాం అంటాడు ఆర్థాస్. వాడి గురువు ఊథర్ ఈ పని నేను చెయ్యను అన్నాడు, వాడు ప్రేమించిన జైనా నేను చూడలేను అని వెళ్లిపోయింది. ఇంతవరకూ నువ్వూ రాశావు. ఆ తర్వాత గేమ్ నీ చేత ఏం చేయిస్తుందో అది రాయలేదు. శత్రువు మాల్‌గానిస్ అనే రాక్షసుడు వందమందిని తనవైపు లాక్కునేలోపు నువ్వు వందమందిని చంపాలి, అదీ రూలు. స్క్రీన్ మీద రెండు లెక్కలు పక్కపక్కనే పెరుగుతుంటాయి. మొదట్లో ఇల్లు కూలితే బయటికి వస్తున్న మనుషుల్ని చూస్తావు, అయ్యో అనుకుంటావు, ఇంకాసేపు ఆడాక మనుషులు కనపడరు, అంకె ఒక్కటే కనపడుతుంది, వాడికంటే ముందున్నానా వెనకబడ్డానా, ఏ వీధి దగ్గర, ఏ ఇల్లు మిగిలింది. ఆర్థాస్ బుర్రలో ఏం జరిగిందో ఏ డైలాగూ చెప్పనక్కర్లేకుండా ఆ లెక్క నీకు అంటించేసింది. 2002లో ఇంత పని చేసిన గేమ్ గురించి రాస్తూ ఆ లెక్కని వదిలేస్తే ఎలా? నువ్వు గేమ్ తెరవకుండా వికీ తెరిచి రాశావని నాకు అక్కడే అర్థమైపోయింది, వికీ వాక్యాలు దూరం నుంచే తెలిసిపోతాయి, అన్నీ ఒకే ఎత్తులో ఉంటాయి.

ఇప్పుడు అసలు గొడవ. నీ వ్యాసం మొత్తంలో నువ్వు ఆర్థాస్ తరఫున వాదిస్తున్నావు. తప్పంతా కత్తిది, ఆ ఫ్రాస్ట్‌మోర్న్ కత్తే ఆత్మని లాగేసింది, అంతకుముందు వరకూ వాడు బంగారం. ఇష్టమైన హీరోని ఎవరైనా ఏమైనా అంటే మనకి ఒళ్లు మండుతుంది, అది నాకూ తెలుసు, కానీ ఈ కేసు నువ్వు ఓడిపోతావు తమ్ముడూ, ఎందుకంటే ఓడల సీన్ ఉంది. మాల్‌గానిస్‌ని వెంటాడుతూ నార్త్‌రెండ్ అనే మంచు దేశంలో ఉండగా వెనక్కి వచ్చెయ్యమని రాజుగారి కబురు వస్తుంది, సైనికులు ఎగిరి గంతేసి ఇంటికి బయల్దేరతారు, మరి మనవాడు ఏం చేశాడు? కిరాయి సైన్యాన్ని పెట్టుకుని వాళ్లకంటే ముందే ఒడ్డుకి చేరి తన ఓడలు తనే కాల్పించాడు. సరే మొండివాడు, పగతో ఉన్నాడు అనుకుందాం. తర్వాత సైనికులు వచ్చాక ఇదిగో ఈ దుర్మార్గులే మీ ఓడలు కాల్చారు అని ఆ కిరాయివాళ్లని చూపించి, వాళ్లనే చంపించాడు. పక్కనే ఉన్న స్నేహితుడు మురాడిన్ మొహం మీదే అడుగుతాడు, నీ మనుషులకి అబద్ధం చెప్పావు, నీకోసం కొట్లాడినవాళ్లకి ద్రోహం చేశావు, నీకేమవుతోంది అని. అప్పటికి కత్తి ఇంకా చేతికి రాలేదు. అది ఇంకా మంచులో ఉంది.

ఈ సీన్‌ని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు, "యుద్ధం కోసం కొన్ని కఠిన నిర్ణయాలు తీసుకున్నాడు" అని. ఇలాంటి వాక్యాలు రాజకీయ నాయకుల ప్రెస్ మీట్లలో ఉంటాయి. అభిమాని రాసేది కాదు. నువ్వు దాన్ని దాచడం వల్ల ఆర్థాస్‌కి మంచి జరగలేదు, వాడిని చిన్నవాడిని చేశావు. తప్పంతా కత్తిదైతే వాడు ఉత్త బలిపశువు, ఎవరి చేతికి ఆ కత్తి దొరికినా ఇదే జరిగేది, అప్పుడు వాడి కథే మనకెందుకు? ఆ కత్తికి శాపం ఉందని మురాడిన్ రాసి ఉన్నది చదివి మరీ చెప్పాడు, నా జనాన్ని కాపాడుకోవడానికి ఏ శాపమైనా మోస్తాను అన్నాడు వీడు. ఆ మాట నిజంగానే అన్నాడు, ప్రేమతోనే అన్నాడు, ఓడల దగ్గర అబద్ధం చెప్పిన నోటితోనే అన్నాడు. రెండూ ఒకే మనిషిలో పట్టేలా రాయాలి. అది కష్టం, కానీ పని అదే.

మనవాళ్లకి ఈ లెక్కలేసే అలవాటు కర్ణుడి దగ్గర్నుంచి ఉంది. కర్ణుడి చావుకి కారణాలు అనేకం అని ఊరికే అనలేదు, పరశురాముడి శాపం, బ్రాహ్మడి శాపం, కవచకుండలాలు, శల్యుడి సూటిపోటి మాటలు, కుంగిపోయిన రథచక్రం, వేళ్లు మడుస్తూనే ఉంటాం. అవన్నీ కలిపితే మనకి జాలి వస్తుంది, అంతే. కానీ యుద్ధానికి ముందు కృష్ణుడు వచ్చి నువ్వు కుంతి పెద్దకొడుకువి, రాజ్యం నీది, వచ్చెయ్ అన్నప్పుడు, నిజం తెలిసి, ఓడిపోతామని కూడా తెలిసి, దుర్యోధనుణ్ణి వదలను అన్నాడే, అక్కడ ఏ శాపమూ లేదు. తలుపు బార్లా తెరిచి ఉంది, తనే వెళ్లలేదు. పైగా వెళ్లకపోవడానికి ఉన్న కారణం మంచిదే, ఎంచుకున్న పక్షమే తప్పు. నువ్వు ఏ గేమ్ మీద రాసినా, ఏ స్పేస్ కథ మీద రాసినా ఆ తెరిచి ఉన్న తలుపు ఎక్కడుందో వెతుకు.

స్టార్ వార్స్ సినిమాల్లో అనాకిన్‌నే తీస్కో, నీ తర్వాతి వ్యాసం వాడి మీదే అన్నావుగా. ఛాన్సలర్ పాల్పటీన్ మోసం చేసి చెడగొట్టాడు అని అందరూ రాస్తారు, చేశాడు, కాదనను. కానీ 2005 సినిమాలో పాల్పటీన్ తమ శత్రువులైన సిత్‌లలో ఒకడని తెలియగానే అనాకిన్ తిన్నగా వెళ్లి జెడై యోధుల పెద్దల్లో ఒకడైన విండూకి చెప్పేశాడు, ఇది చాలామంది మర్చిపోతారు. అంటే సరైన పని చేసేశాడు! విండూ నువ్వు ఇక్కడే ఉండు అన్నాడు, ఉన్నాడు. సూర్యుడు దిగిపోతుంటే కౌన్సిల్ గదిలో ఒక్కడే, ఊరికి అవతలివైపు భార్య పద్మే కిటికీ దగ్గర, మాటలు దాదాపు లేవు, సంగీతమే. ఆ సీన్ అయ్యేసరికి లేచి పాల్పటీన్ దగ్గరికి బయల్దేరతాడు. రాయాలంటే ఆ గది గురించి రాయి, మూడు సినిమాల సారాంశం కాదు. ఇంకోటి కూడా చూడు, పద్మే చనిపోతుందని కల వచ్చి, భయంతో జెడై గురువు యోడా దగ్గరికి వెళ్తే నీకు పోతుందేమో అని భయమున్న ప్రతిదాన్నీ వదులుకోవడం నేర్చుకో అంటాడు ఆయన. అమ్మ గురించి వచ్చిన కల నిజమైపోయినవాడికి చెప్పే మాటా అది? నా దృష్టిలో ఆ గెలాక్సీ మొత్తంలో అంత పనికిరాని ఓదార్పు లేదు. అయితే అనాకిన్ కూడా భార్య అని చెప్పలేదు, పెళ్లి రహస్యం కాబట్టి ఎవరో కావాల్సినవాళ్లు అని మాత్రమే అన్నాడు, సగం రోగం దాచి మందడిగితే వైద్యుడేం చేస్తాడు. ఇలా ఇటో అడుగు అటో అడుగు రాస్తుంటే వ్యాసం దానంతటదే లోతుకి వెళ్తుంది. తర్వాత జెడై టెంపుల్‌లో వాడు పిల్లల్ని చంపిన సంగతి మాత్రం వదిలెయ్యకు, వదిలేస్తే మళ్లీ వకాల్తానే.

లాయర్ అక్కర్లేని మనిషిని చూడాలంటే మాస్ ఎఫెక్ట్ గేముల్లో శాస్త్రవేత్త మోర్డిన్ ఉన్నాడు. ఒక జాతికి పిల్లలు దాదాపు పుట్టకుండా చేసే జెనోఫేజ్ అనే రోగాన్ని మళ్లీ బలంగా తయారుచేసినవాళ్లలో తనొకడు, రెండో గేమ్ అంతా దానికి లెక్కలూ కారణాలూ చెప్తూ సమర్థించుకుంటాడు, 2012లో వచ్చిన మూడో గేమ్‌లో నేను తప్పు చేశా అని అరిచి చెప్పి, దాని విరుగుడు మందు వెదజల్లడానికి టవర్ పైకి తనే వెళ్లి ప్రాణం పోగొట్టుకుంటాడు. జనం ఏడ్చింది వాడు పోయినందుకు మాత్రమే అని నేననుకోను.

ఇక విషాదాంతానికీ ట్రాజిక్ హీరోకీ తేడా ఉంది, నువ్వు రెంటినీ కలిపేశావు. ఫైనల్ ఫాంటసీ 7కి ముందు జరిగిన కథ చెప్పే గేమ్ క్రైసిస్ కోర్‌లో హీరో జాక్ చివరికి చనిపోతాడు, 1997 నాటి ఆ మొదటి గేమ్ ఆడినవాళ్లకి అది ముందే తెలుసు, కానీ వాడి పతనానికి వాడి చేతులో ఏమీ లేదు, మంచివాడు, అన్యాయంగా పోయాడు. దాన్ని ట్రాజిక్ హీరో లిస్టులో పెట్టకు. అయినా రాయాల్సినది బోలెడుంది. గేమ్ అంతా పక్కన తిరుగుతూ నీకు బలం ఇచ్చిన, స్లాట్ మెషీన్‌లా తిరిగే ఆ రీల్స్, వాడికి తెలిసినవాళ్ల మొహాలతో ఉండేవి, చివరి పోరాటంలో ఒక్కొక్కటీ చెరిగిపోతూ మొరాయిస్తాయి, వాడు ప్రేమించిన ఎరిత్ మొహం దగ్గర ఆగిపోతాయి, అక్కడ కూడా నువ్వు బటన్ నొక్కుతూనే ఉంటావు. డార్క్ సోల్స్ గేమ్‌లో సిఫ్ కూడా అంతే. యజమాని సమాధికి కాపలా ఉన్న ఆ పెద్ద తోడేలు ప్రాణం తగ్గేకొద్దీ కుంటడం మొదలుపెడుతుంది, నోట్లో కత్తి విసరబోయి తూలి పడుతుంది, మళ్లీ లేస్తుంది. ఆపుదామంటే ఆపలేవు, దాన్ని చంపితే దొరికే ఉంగరం లేకుండా ముందుకి దారి లేదు. ఇలాంటిది సినిమా చెయ్యలేదు, నవల చెయ్యలేదు, నీ వేలి కింద జరుగుతుంది. గేమ్ మీద రాసేవాడు కథ ఒక్కటే రాసి చెయ్యి ఏం చేసిందో రాయకపోతే సగం పనే చేసినట్టు.

చిన్న చిన్నవి కొన్ని. "గుండె పిండేసింది" నాలుగు సార్లు వచ్చింది, ఒకటి కూడా ఉంచకు. స్టార్‌క్రాఫ్ట్ గేమ్‌లోని కెరిగన్ పేరా మొత్తం తీసెయ్, టార్సోనిస్ గ్రహం దగ్గర ఆమె నాయకుడు మెంగ్స్క్ ఆమెని వదిలేసి పోవడం వేరే సంగతి, ముందు ద్రోహం ఆమెకే జరిగింది, ఆర్థాస్ పక్కన పెట్టి ఇద్దరూ ఒకటే అనడం బాలేదు, విడిగా రాయి. తర్వాత వచ్చిన భాగాల్ని తిట్టే పేరా కూడా వద్దు, ఏ సీన్ నచ్చలేదో ఆ సీన్ చూపించు, కంపెనీ మీద కోపం ఎవరికీ పనికిరాదు.

చివర్లో నువ్వు ఆర్థాస్‌ని క్షమించేశావు. నీకెవరిచ్చారు ఆ హక్కు, స్ట్రాత్‌హోమ్ జనం ఇచ్చారా? వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ గేమ్‌కి 2008లో వచ్చిన ఎక్స్‌పాన్షన్ (అదనపు భాగం) చివర్లో ఐస్‌క్రౌన్ కోట పైన వాడు పడిపోయాక తండ్రి ఆత్మ వస్తుంది, అయిపోయిందా నాన్నా అని ఆర్థాస్ అడుగుతాడు. కొడుకు చేతిలో చచ్చిన ఆ తండ్రి క్షమించా అనడు, శపించడు, ఏ రాజూ శాశ్వతంగా ఏలడు అంటాడంతే, కొడుకు తనకి ముందంతా చీకటే కనిపిస్తోందంటాడు. చంపబడ్డవాడే అక్కడితో ఆగాడు, నువ్వూ ఆగు. ఆ సీన్ తర్వాత నువ్వు రాసిన రెండు పేరాలూ ఎత్తేసి, ఓడల సీన్ మధ్యలోకి తెచ్చి, మళ్లీ పంపు. పొడుగు తగ్గిందని కంగారు పడకు, సగమైనా ఫర్వాలేదు.

అక్క