హోమ్ ట్యూషన్ సారు పాఠం ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

ప్రశ్న: మా అమ్మాయి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతి చదువుతోంది. మిగతా సబ్జెక్టులు ఫరవాలేదు గానీ, లెక్కల్లో మాత్రం రెండు ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్, ఏడాది మధ్యలో బడిలో పెట్టే చిన్న) పరీక్షల్లోనూ సగం మార్కులు రాలేదు. వీధి చివర ట్యూషన్‌కు ఏడాది పాటు పంపాం. అక్కడ ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా పాతిక మంది ఒకే గదిలో కూర్చుంటారు. ఇప్పుడు ఎమ్మెస్సీ చదివిన ఒకాయన ఇంటికి వచ్చి విడిగా చెబుతానని, నెలకు 4,000 రూపాయలు ఇమ్మని అడుగుతున్నారు. బడి పాఠాలతో పాటు నడిస్తే లాభం లేదని, వేసవిలోగా పదో తరగతి లెక్కలు సగం పూర్తి చేసి, పనిలో పనిగా ఐఐటీ ఫౌండేషన్ (ఐఐటీ ప్రవేశ పరీక్షకు ముందస్తు శిక్షణ) కూడా చెబుతానని అంటున్నారు. అంత డబ్బు మాకు బరువే. పెట్టవచ్చా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: పెట్టవచ్చు. కానీ ఆయన చెప్పిన పద్ధతికి మాత్రం ఒప్పుకోకండి. తొమ్మిదో తరగతి లెక్కలే అందని పిల్లకు పదో తరగతి లెక్కలు ముందుగా చెబితే, రెండు చోట్లా అర్థం కాని పాఠాలే వినవలసి వస్తుంది. ఫౌండేషన్ ఊసు ఇప్పుడు అసలే వద్దు. ఒక్కరికే చెప్పే ట్యూషన్‌లో ఉన్న బలం వేగం కాదు, పిల్ల ఎక్కడ ఆగిపోయిందో అక్కడే ఆగి చూడగలగడం.

ఒక ఉదాహరణ చూడండి. −3ఎక్స్ + 5 = 11 అన్న సమీకరణం ఇచ్చినప్పుడు, అయిదును సరిగ్గానే అవతలికి తీసుకువెళ్లి −3ఎక్స్ = 6 అని రాసి, ఆ తరవాత ఎక్స్ = −2 అనవలసిన చోట ఎక్స్ = 2 అని ముగించే పిల్లలను నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ ప్రతి తరగతిలోనూ చూశాను. అరవై మంది జవాబు పత్రాలు దిద్దే ఉపాధ్యాయుడు అక్కడ ఇంటూ మార్కు పెట్టి ముందుకు వెళతాడు. వీధి ట్యూషన్‌లో ‘దీనికి సమీకరణాలు రావు’ అని తేల్చి, అలాంటివే మరో పది లెక్కలు ఇస్తారు. నిజానికి ఆ పిల్లకు సమీకరణాలు వచ్చు. రానిది ఆరును మైనస్ మూడుతో భాగించడం, అంటే ఏడో తరగతి మొదటి పాఠంలోని పూర్ణసంఖ్యల భాగహారం. పక్కన కూర్చుని స్టెప్పు తరవాత స్టెప్పు చూసేవారికే ఆ సంగతి తెలుస్తుంది, తెలిశాక దాన్ని సరిచేయడానికి రెండు సాయంత్రాలు చాలు.

అమెరికా విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్ 1984లో ప్రచురించిన వ్యాసంలో, ఒక్కొక్కరికి విడిగా చెప్పినప్పుడు సగటు విద్యార్థి కూడా మామూలు తరగతిలోని నూటికి 98 మందిని మించగలిగాడని రాశారు. తరవాతి పరిశోధనల్లో అంత పెద్ద లాభం కనిపించలేదు కాబట్టి ఆ అంకెను పట్టుకుని ఆశలు పెంచుకోవద్దు. అయితే అక్కడ పాటించిన పద్ధతి గమనించదగినది: చిన్న పరీక్ష పెట్టడం, తప్పు ఎక్కడ జరిగిందో వెంటనే చెప్పి సరిచేయించడం, అది వచ్చాకే తరవాతి పాఠానికి వెళ్లడం. వచ్చే ఆయనతో మీరు ముందుగా మాట్లాడుకోవలసింది ఇదే.

మొదటి వారం ఆయనను కొత్త పాఠమేదీ చెప్పవద్దనండి. మీ అమ్మాయి ఎఫ్‌ఏ జవాబు పత్రాలు, ఏడు, ఎనిమిది తరగతుల పుస్తకాలు ముందు పెట్టి, భిన్నాలు, ప్లస్ మైనస్ గుర్తులు, శాతాలు, బీజగణిత సమాసాలలో ఏది ఎక్కడ తెగిందో చూసి ఒక కాగితం మీద రాసి ఇమ్మని అడగండి. ఆ తరవాత వారానికి మూడు రోజులు, రోజుకు గంటంబావు సరిపోతుంది. అందులో మొదటి అరగంట పాత లోటు కోసం, మిగిలిన సమయం ఆ వారం బడిలో జరుగుతున్న పాఠం కోసం కేటాయించాలి. బడిలో సోమవారం మొదలుపెట్టే పాఠాన్ని ఇంట్లో ఒకటి రెండు రోజుల ముందు తిరగేస్తే, తరగతిలో పిల్ల తలెత్తి వింటుంది. ‘ముందుకు పోవడం’ అంటే నేను ఒప్పుకునేది ఆ రెండు రోజులే.

పుస్తకం మాత్రం బడి పుస్తకమే కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2024-25 నుంచి పదో తరగతికి కూడా ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ వచ్చింది కాబట్టి, పాత గైడ్లు, పాత నోట్సు పట్టుకుని వచ్చేవారితో వచ్చే ఏడాది మీకు ఇబ్బందే. ఇంకొక మాట, లెక్కలు రావనుకున్న చాలామందికి నిజానికి ప్రశ్న అర్థం కాదు. ‘ఎట్ లీస్ట్’ అంటే ‘కనీసం’ అని తెలియక లెక్క తలకిందులు చేసుకునే పిల్లలు ఎందరో. మన పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీలో ఇంగ్లిషు, ఎదుటి పేజీలో తెలుగు అచ్చువేసినది ఇందుకే. ప్రశ్నను ఇంగ్లిషులో మీ అమ్మాయి చేతనే పైకి చదివించి, తెలుగులో దాని భావం చెప్పించి, ఆ తరవాతే కలం పట్టనివ్వమని ఆయనతో చెప్పండి.

హోమ్‌వర్కు మాత్రం ఆయన చేసి పెట్టకూడదు. ఇంటికి వచ్చే సార్ల విషయంలో నాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే: తల్లిదండ్రులు చూస్తున్నారన్న మొహమాటం కొద్దీ పేజీలు నింపుతారు. నెల తిరిగాక ట్యూషన్ నోట్సు తెరిచి చూడండి. సారు చేతిరాత ఎక్కువగా కనిపిస్తే ఆయన లెక్కలు చేస్తున్నారు, మీ అమ్మాయి చూస్తోంది. కొట్టివేతలూ, దిద్దుబాట్లూ ఉన్న అమ్మాయి చేతిరాత నిండి ఉంటే 4,000 రూపాయలకు పని జరుగుతోందన్నమాట. మీకు లెక్కలు రాకపోయినా ఈ తనిఖీ చేయగలరు.

బరువు అన్నారు కాబట్టి చెబుతున్నాను, ఏడాది పొడవునా పెట్టాలని లేదు. మూడు నెలలకు మాట్లాడుకోండి. గుర్తులు, భిన్నాలు గాడిన పడ్డాక వారానికి ఒక్క రోజుకు తగ్గించి, ఆ మేరకు ఫీజు కూడా తగ్గించమనండి. అదే వీధిలో అదే తరగతి చదివే మరో పిల్ల ఉంటే ఇద్దరికీ కలిపి చెప్పించినా పెద్దగా నష్టం లేదు, ఖర్చు సగమవుతుంది.

ప్రశ్న: ఎనిమిదో తరగతి చదివే మా అబ్బాయికి బడిలో లెక్కలు చెప్పే సారే సాయంత్రం ఇంటికి వచ్చి విడిగా చెబుతానంటున్నారు. సిలబస్ ఆయనకే బాగా తెలుసు కదా, ఒప్పుకోమంటారా?
– ఒక పాఠకుడు, జనగామ

జవాబు: వద్దు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ ప్రకారం ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదు. చట్టం సంగతి అటుంచినా, తరగతిలో మీ వాడి సందేహానికి బదులుగా ‘సాయంత్రం చూద్దాంలే’ అన్న మాట ఒక్కసారి వచ్చిందంటే, బడిలో ఉచితంగా దక్కవలసిన దానికే మీరు ఇంట్లో డబ్బు కడుతున్నట్టు. ఆయన నిజంగా మంచి ఉపాధ్యాయుడే అయితే, మీ అబ్బాయి ఏయే పాఠాల్లో వెనకబడ్డాడో అడిగి తెలుసుకుని, ఆ జాబితాను మీరు కుదుర్చుకునే మరో ట్యూషన్ సారుకు ఇవ్వండి. ఆ నాలుగు మాటలు చెప్పడానికి ఆయన ఫీజు అడగరు.