మ్యూల్ డీర్ పోతు వయసు, కొమ్ము కొలత: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో ఉంటున్న పాఠకులు ఈమధ్య పంపిన ప్రశ్నల్లో అక్కడి మ్యూల్ డీర్ అనే జింక గురించినవే ఎక్కువ. కొందరు వేట లైసెన్సు ఉన్నవాళ్లు, కొందరు కెమెరా పట్టుకుని తిరిగేవాళ్లు. అడిగేది మాత్రం ఒకటే: పోతును (మగ జింకను) చూసి దాని వయసు, కొమ్ము సైజు ఎలా చెప్పాలి? ప్రశ్నలన్నీ కలిపి ఇక్కడ ఇస్తున్నాం.

ప్రశ్న: మా ఇంటి వెనక కొండ వాలులో కనిపించే పోతుకు ఒక్కో వైపు నాలుగు కొనలున్నాయి. దానికి నాలుగేళ్లు అనుకోవచ్చా? (డెన్వర్ శివారు, కొలరాడో)

అనుకోకూడదు. మేత బాగా దొరికిన చోట రెండున్నరేళ్ల పోతుకే నాలుగు కొనలు వస్తాయి. పదేళ్ల ముసలిదానికీ అవే నాలుగు ఉండొచ్చు. మ్యూల్ డీర్ కొమ్ము పంగలుగా చీలుతుంది. ముందు ఒక పంగ పడి రెండు పాయలవుతుంది, ఆ రెండు పాయలూ మళ్లీ చెరొక పంగగా విడిపోతాయి. అలా నాలుగు కొనలు వచ్చాక లెక్క దాదాపు అక్కడితో ఆగుతుంది. ఆ తర్వాత ఏటేటా పెరిగేవి పొడవు, మందం, పంగల లోతు. చాలా పోతులకు ఆరు నుంచి ఎనిమిదేళ్ల మధ్య కొమ్ము శిఖరానికి చేరి, తర్వాత తగ్గుతుంది. మొదట కొనలు పొట్టివవుతాయి. మొదలు మందం మాత్రం ఇంకా నిలుస్తుంది.

కొమ్ము ఏటా రాలి కొత్తది మొలుస్తుంది కాబట్టి ఆ ఏటి వసంతం ఎలా గడిచిందో కూడా అందులో కనిపిస్తుంది. వానలు బాగా పడిన ఏడు, పడని ఏడు ఒకే పోతు కొమ్ములో తేడా చూపిస్తాయి.

ఇంకో చిక్కు లెక్కింపులో ఉంది. పశ్చిమ రాష్ట్రాల్లో ఫోర్ పాయింట్ అంటే ఒక వైపు నాలుగు. తూర్పు రాష్ట్రాలవాళ్లు రెండు వైపులూ కలిపి దాన్నే ఎయిట్ పాయింట్ అంటారు. కంటి పైన ఉండే చిన్న కొనను పశ్చిమాన మాటల్లో లెక్కపెట్టరు. చట్టం మాటల ప్రకారం నడవదు. వాషింగ్టన్ రాష్ట్రంలో మ్యూల్ డీర్ పోతుకు ఒక వైపు కనీసం మూడు కొనలుండాలనే నిబంధన ఉంది, అక్కడ అంగుళం పొడవున్న కంటి కొన కూడా లెక్కలోకి వస్తుంది. ఏ రాష్ట్రంలో వేటాడుతున్నారో ఆ రాష్ట్రపు ఆ ఏటి నిబంధనల పుస్తకమే చూడండి.

ప్రశ్న: మరి బతికున్న పోతు వయసు దూరం నుంచి ఎలా చెప్పడం? (సాల్ట్ లేక్ సిటీ, యూటా)

ముందు కొమ్ముల మీద నుంచి చూపు మరల్చండి. ఇది చాలామందికి కష్టం. పెద్ద కొమ్ము కనిపించగానే ఒళ్లు కూడా పెద్దదిగానే తోస్తుంది. పొట్ట, రొమ్ము, వెన్ను, మెడ, చివరగా ముఖం: ఈ వరసలో చూడాలి. పోతు సమనేల మీద పక్కవాటుగా, కంగారు లేకుండా నడుస్తుంటే చూడటానికి అదే సరైన సమయం. వాలు మీద ఎగువకు తిరిగి నిలబడితే కుర్రదానికి కూడా పొట్ట వేలాడినట్టు ఉంటుంది.

పిల్లలు ఎక్కువగా జూన్‌లో పుడతాయి. అందుకే వేట కాలంలో వయసులన్నీ అరతో కలిపి చెబుతారు. ఏడాదిన్నర పోతును గుర్తించడం తేలిక: ముఖం ఆడదాని ముఖంలా సన్నగా పొడవుగా, మెడ బక్కగా, కాళ్లు ఒంటికి మించి పొడవుగా ఉంటాయి. కొమ్ము ఒంటి పుల్ల కావచ్చు, ఒక చిన్న పంగ కావచ్చు. రెండున్నరేళ్లదానికి నడుము లోపలికి లాగి ఉంటుంది, వెన్ను గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది. కొమ్ములు చాలావరకు చెవుల మధ్యలోనే ఇమిడిపోతాయి.

మూడున్నర దగ్గరే అందరూ బోల్తా పడతారు. కొమ్ము చెవుల చివర్ల దాకా వచ్చేస్తుంది, నాలుగు కొనలూ స్పష్టంగా ఉంటాయి, రొమ్ము లోతవడం మొదలవుతుంది. కానీ నడుము ఇంకా సన్నమే, తొడల దగ్గర పొట్ట పైకి లాగే ఉంటుంది. ఆ ఒక్క గుర్తు పట్టుకుంటే చాలు. నాలుగున్నరకు రొమ్ము లోతు, పొట్ట లోతు సమానమవుతాయి.

అయిదున్నర దాటినదానికి పొట్ట రొమ్ము గీతకు సమంగానో కిందికో దిగుతుంది. అందువల్ల కాళ్లు పొట్టిగా కనిపిస్తాయి. మూపు వెనక వెన్ను కాస్త కుంగుతుంది. మెడ ఎక్కడ ముగిసి రొమ్ము ఎక్కడ మొదలైందో తెలియదు. ముఖం దిమ్మెలా పొట్టిగా తోస్తుంది, మూతి చుట్టూ తెల్లదనం పెరుగుతుంది. కొమ్ము మొలిచే పుర్రె దిమ్మ కూడా ఏటేటా లావై పొట్టిదవుతుంది, నుదుటికి ఆనుకునే కొమ్ము మొదలైనట్టు ఉంటుంది. అంతకంటే ముసలివాటికి తుంటి ఎముకలు తేలతాయి, చర్మం వదులవుతుంది.

నెలను బట్టి ఈ గుర్తులు మోసం చేస్తాయి. జూలై, ఆగస్టుల్లో ఎర్రటి పలచని వేసవి బొచ్చు మీద ప్రతి పోతూ బక్కగా ఉంటుంది. నవంబరు మధ్య నుంచి ఎద కాలంలో మెడ ఉబ్బి మూడేళ్లది కూడా ముసలి పోతులా కనిపిస్తుంది. డిసెంబరుకు పెద్ద పోతులు ఆడవాటి వెంట తిరిగి తిండి మానేసి చిక్కిపోతాయి, పొట్ట లాగేసి కుర్రవాటిలా ఉంటాయి. వయసు అంచనాకు అక్టోబరే మా ఓటు: శీతాకాలపు బూడిదరంగు బొచ్చు వచ్చేసి ఉంటుంది, మెడ ఇంకా ఉబ్బదు.

ఏం చేసినా ఒంటిని చూసి చెప్పే వయసు ఒక అంచనాయే. ఏడాదిన్నర, రెండున్నర, నడి వయసు, ముసలి అని నాలుగు గంపల్లో వేయగలిగితే చాలు. ఎవరైనా దూరం నుంచి చూసి కచ్చితంగా ఆరున్నర అని చెబితే పెద్దగా పట్టించుకోవద్దు.

ప్రశ్న: ఇక్కడివాళ్లు ఫలానా పోతు 170, ఫలానాది 180 అంటుంటారు. ఆ అంకె ఏమిటి, దూరం నుంచి ఎలా వేస్తారు? (బోయిసీ, ఐడహో)

అవి అంగుళాలు. వేట రికార్డులు నమోదు చేసే అమెరికా సంస్థ బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ పద్ధతిలో కొమ్ముల మధ్య లోపలి వెడల్పు, రెండు అసలు కాడల (కొమ్ము మొదలు నుంచి చివరిదాకా సాగే ప్రధాన పాయల) పొడవు, ఒక్కో వైపు నాలుగు కొనల పొడవు, ఒక్కో వైపు నాలుగు చోట్ల చుట్టుకొలత అన్నీ కూడతారు. అసలు కాడ చివర కూడా ఒక కొనే అయినా అది కాడ పొడవులోనే కలిసిపోతుంది. కొలిచే నాలుగు కొనల్లో మొదటిది ఆ కంటి కొన. కొలత ఎనిమిదో వంతు అంగుళం దాకా పడుతుంది. కొమ్ము 60 రోజులు ఆరాకే అధికారిక కొలత. మామూలు ఆకారపు కొమ్ము ఆ క్లబ్ శాశ్వత రికార్డుల్లోకి ఎక్కాలంటే 190 కావాలి, అదనపు కొనలున్న వంకర కొమ్ముకు 230. మామూలు రకంలో ప్రపంచ రికార్డు 226 4/8, 1972లో కొలరాడోలోని డొలోరస్ కౌంటీలో పడిన పోతుది.

దూరం నుంచి కొలవడానికి చెవులే టేపు. మీ వైపు తిరిగి చెవులు రెండు పక్కలకూ చాచి నిలబడ్డ పెద్ద పోతుకు ఒక చెవి కొస నుంచి ఇంకో చెవి కొసకు 20 నుంచి 22 అంగుళాలు. 21 అని పెట్టుకోండి. చెవులు వెనక్కి వాల్చినప్పుడు ఈ కొలత పనికిరాదు.

ఒక లెక్క చూద్దాం. కొమ్ముల బయటి అంచులు చెవులు దాటి చెరో అంగుళంన్నర ఉన్నాయి, అంటే బయట 24. కొమ్ము మందం తీసేస్తే లోపలి వెడల్పు 22. కాడ ఒక్కోటి 23 చొప్పున 46. కంటి కొనలు 2 చొప్పున 4. వెనక పంగలో పొడవాటి కొన 15 చొప్పున 30, దాని పక్కది 9 చొప్పున 18. ముందు పంగ కొన 10 చొప్పున 20. చుట్టుకొలతలు ఒక్కో వైపు నాలుగూ కలిపి 17, రెండు వైపులా 34. మొత్తం 174. ఇది చాలామంది వేటగాళ్లు జీవితంలో ఒకసారి చూస్తే గొప్ప అనుకునే పోతు. చుట్టుకొలత దూరం నుంచి తెలియదు కాబట్టి ఒక్కో వైపు 16, 17 అని వేసుకుంటే తప్పు పెద్దగా రాదు. అసలు తేడా తెచ్చేది పంగల లోతే. వెడల్పు చూసి మురిసిపోతాం గానీ 30 అంగుళాల వెడల్పు ఉండి పంగలు లోతులేని పోతు, 22 అంగుళాల వెడల్పుతో లోతైన పంగలున్నదాని ముందు అంకెల్లో ఓడిపోతుంది. పైగా లోపలి వెడల్పు పొడవాటి కాడను మించితే మించిన భాగం లెక్కకు రాదు.

రెండు వైపులా తేడా ఉంటే ఇంకో దెబ్బ. ఎడమ కొన 9, కుడి కొన 6 అయితే ఆ మూడు అంగుళాలు కూడికలో ఎలాగూ పోయాయి, మామూలు రకం కొలతలో తేడా కింద మళ్లీ మూడు తీసేస్తారు. అందుకే రెండు పక్కలూ విడివిడిగా చూడాలి. ఎదురుగా నిలబడితే వెడల్పు, కొనల ఎత్తు తెలుస్తాయి, కాడ పొడవు తెలియదు. దానికి పక్కవాటు చూపు కావాలి. వెనక నుంచి పరుగెడుతున్న పోతును ఎప్పుడూ అంచనా వేయొద్దు, ఆ కోణంలో ప్రతిదీ రాక్షసిలా ఉంటుంది. ఆగస్టులో వెల్వెట్ ఉండగా చూసినా అంతే, ఆ నూగు తోలు కొమ్మును లావుగా చూపిస్తుంది. 10x42 (పది రెట్లు పెద్దగా చూపే) బైనాక్యులర్స్‌ను ట్రైపాడ్ మీద పెట్టి, పొద్దున్నే, నేల వేడెక్కి గాలి మరగకముందే చూడండి.

ప్రశ్న: గుంటూరు జిల్లా మా ఊళ్లో ఎద్దుని కొనేటప్పుడు రెండు పళ్లా, ఆరు పళ్లా, పళ్లు కలిసిందా అని చూస్తారు. దీనికీ అలాగే కుదురుతుందా? (గ్రాండ్ జంక్షన్, కొలరాడో)

కొంతవరకు. ఎద్దుకు ముందు పళ్లు చూస్తాం, మ్యూల్ డీర్‌కు కింది దవడ పక్క పళ్లు చూడాలి. దవడలో ముందు నుంచి మూడో పక్కపన్ను ఏడాదిన్నరప్పుడు ఇంకా పాలపన్నే, మూడు భాగాలుగా ఉంటుంది. రెండేళ్లు దాటాక అది ఊడి రెండు భాగాల గట్టి పన్ను వస్తుంది. అది ఉంటే కనీసం రెండున్నర. ఆ పైన అరుగుదలే ఆధారం, కానీ ఇసుక నేలల్లో మేసినదాని పళ్లు తొందరగా అరుగుతాయి. పక్క లోయలోని అదే వయసుదానికి అంత అరగవు.

నిఖార్సైన వయసు కావాలంటే ముందరి మధ్య పన్ను వేరుతో సహా తీసి ప్రయోగశాలకు పంపాలి. వేరు మీది పొరలో ఏటా చలికాలం ఒక నల్లని సన్నగీత పడుతుంది, పలచగా కోసి రంగు వేసి మైక్రోస్కోపులో ఆ గీతలు లెక్కపెడతారు. పన్ను తీసేటప్పుడు రెండు పక్కలా చిగురును సన్న కత్తితో లోతుగా కోసి, మెల్లగా ముందుకు ఆడించి లాగండి. వేరు విరిగితే పని చెడినట్టే. ఉడికించొద్దు. ఆరబెట్టి కాగితం కవర్లో పెట్టండి, ప్లాస్టిక్‌లో బూజు పడుతుంది.

ఒక హెచ్చరిక. జింకల మెదడును దెబ్బతీసి చంపే క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే జబ్బు పెద్ద పోతుల్లోనే ఎక్కువగా కనిపిస్తుంది. ఈ జబ్బును మొదట గుర్తించింది 1960ల చివర్లో కొలరాడోలోనే. తల భాగం ముట్టుకునేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి, తలను రాష్ట్ర వన్యప్రాణి శాఖకు పరీక్షకు ఇవ్వండి, ఫలితం వచ్చేదాకా మాంసం తినొద్దు. మెదడు ఉన్న తలను సరిహద్దు దాటించడం చాలా రాష్ట్రాల్లో నేరం.

ప్రశ్న: నవంబరులో కూడా వెల్వెట్ ఊడని, ముళ్ల పొదలాంటి కొమ్మున్న పోతు ఫొటో తీశాను. ముసలిదా? (రీనో, నెవాడా)

వయసుతో సంబంధం లేదు. వృషణాలకు గాయమో జబ్బో వచ్చి మగ హార్మోను తగ్గిన పోతు అది, అక్కడివాళ్లు కాక్టస్ బక్ అంటారు. హార్మోను లేక వెల్వెట్ ఎండదు, కొమ్ము గట్టిపడదు, మెడ ఉబ్బదు. కాబట్టి పైన చెప్పిన మెడ గుర్తు దీనికి వర్తించదు. ఒక పక్క కొమ్ము మాత్రమే వంకరగా ఉంటే ఎదుటి వైపు వెనక కాలు గమనించండి, తరచు పాత గాయం కనిపిస్తుంది.

ప్రశ్న: రాకీ మౌంటెన్ నేషనల్ పార్కులో రాలిపడిన కొమ్ము దొరికింది. ఇంటికి తెచ్చుకోవచ్చా? దాన్నుంచి వయసు చెప్పొచ్చా? (ఫోర్ట్ కాలిన్స్, కొలరాడో)

నేషనల్ పార్కులోది ఏ నెలలోనైనా అక్కడే వదిలేయాలి. ఫొటో తీసుకోండి. బయటి ప్రభుత్వ భూముల్లో కూడా కొలరాడోలో ఇంటర్‌స్టేట్ 25 హైవేకు పడమరగా జనవరి 1 నుంచి ఏప్రిల్ 30 దాకా ఏరడం నిషేధం. చలికి చిక్కిన జంతువుల్ని జనం తరిమితే అవి బతకవు. కొమ్ములు రాలేది కూడా సరిగ్గా జనవరి నుంచి మార్చి మధ్యే. ఇక రాలిన కొమ్ములో వయసు రాసి ఉండదు. మొదలు లావుగా ఉంటే కుర్రది కాదని చెప్పొచ్చు, అంతే. సైజు కావాలంటే దాని కొలతలు రెట్టించి, లోపలి వెడల్పు ఊహించి కలుపుకోండి.

ప్రశ్న: మన అడవుల్లో దుప్పి, కణితి, కృష్ణజింకలకు ఈ పద్ధతి పనికొస్తుందా? (నంద్యాల)

ఒంటిని చూసే పద్ధతి వస్తుంది, అంకెలు రావు. చుక్కల దుప్పికి, కణితికి ఎదిగాక ఒక్కో వైపు మూడు కొనలే, అవి అలాగే ఉంటాయి. పైగా చుక్కల దుప్పిలో అన్ని పోతులకూ ఒకే నెలలో కొమ్ము రాలదు, పక్కపక్కనే ఒకటి వెల్వెట్‌లో, ఒకటి గట్టి కొమ్ముతో ఉంటాయి. కాబట్టి నెలను బట్టి అంచనా కుదరదు. రోళ్లపాడు అభయారణ్యంలోని కృష్ణజింక కొమ్ము అసలు వేరే జాతిది: అది రాలదు, ఎముక మీద తొడుగులా జీవితాంతం పెరుగుతుంది. మనదేశంలో వేట నేరం. అడవిలో దొరికిన కొమ్ము కూడా అనుమతి లేకుండా ఇంట్లో పెట్టుకోకూడదు. బైనాక్యులర్స్‌తో, కెమెరాతో సాధన చేయండి.